చివరివాని కోసం ఆగేవారు

ఒక గురువారం రాత్రి ఇషా నమాజు ముగించుకొని ఇంటికి చేరేసరికి బహ్రెయిన్ నుంచి మా మేనల్లుని ఫోను వచ్చింది. అతడు జమ్మలమడుగులోని మా ఆపా కుమారుడు. వయస్సు ముప్పై ఆరు. తొమ్మిదేళ్ళుగా ఆ ద్వీపంలో ఎ.సి. మెకానిక్కుగా పని చేస్తున్నాడు. సలాం, క్షేమ సమాచారాలు అయిన తర్వాత కొంచెం తటపటాయించి, “మామూ, ఒక మాట అడగాలి. మీరు నవ్వకూడదు” అన్నాడు. జీతం సంగతో, అప్పు సంగతో అనుకున్నాను. రెండూ కావు. శుక్రవారం తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున కొందరు గుంపుగా పరుగెత్తుతారనీ, మరి కొందరు సైకిళ్ళ మీద వెళతారనీ, వారితో తాను కలవవచ్చునా అనీ అతని ప్రశ్న.

నేను నవ్వలేదు. దానికి కారణం ఉంది. అంతకు మూడు నెలల ముందు అతని గదిలోనే ఉంటున్న పులివెందుల మనిషి, నలభై ఒకటేళ్ళవాడు, రాత్రి అందరితో కలిసి భోజనం చేసి పడుకొని ఫజర్ నమాజుకు లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. పెట్టె పులివెందుల చేరిన రోజున నేనూ జనాజాకు వెళ్ళాను. ఆయన ఏ జబ్బుతోనూ మంచాన పడినవాడు కాదు. ఉదయం నుంచి రాత్రి వరకు వాహనం నడపడం, గదికి వచ్చి ఫోను చూస్తూ నిద్రపోవడం, ఇదే ఏళ్ళ తరబడి ఆయన దినచర్య. మా మేనల్లునికి కూడా రక్తపోటు ఉంది. కిందటేడు బస్సులో ఉమ్రాకు వెళ్ళినప్పుడు సఫా మర్వాల మధ్య సయీలో ఐదో చుట్టుకే ఊపిరి అందక గోడకు ఆనుకొని నిలబడ్డాడట. ఏడు చుట్లూ కలిపినా 3 కి.మీ.కు కొంచెం పైన. పక్కనే డెబ్బై ఏళ్ళ ఇండోనేషియా వృద్ధురాలు తనను దాటి వెళ్ళిపోయిందని సిగ్గుపడుతూ చెప్పాడు.

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి అరుదు. కువైట్‌కు వెళ్ళేవారే ఎక్కువ. సౌదీ, ఖతర్, బహ్రెయిన్‌లకు వెళ్ళేవారూ ఉన్నారు. వెళ్ళినవాడు డబ్బు పంపుతున్నాడా అని అడుగుతాం. నమాజు చేస్తున్నాడా అని నాబోటివాళ్ళం అడుగుతాం. ఎవరితో మాట్లాడుతున్నాడు, సెలవు రోజు ఏమి చేస్తున్నాడు, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదా అని అడిగేవారు తక్కువ. ఆ పని నేను కూడా చేయలేదు. అందుకే ఈ నెల ఈ శీర్షికలో ఆ సంగతులే రాస్తున్నాను.

అతనికి జవాబు చెప్పే అర్హత నాకు రెండేళ్ళ కిందట వరకు లేదు. ముప్పై ఏళ్ళుగా చాప మీద కూర్చొని పాఠం చెప్పే వృత్తి నాది. పిల్లలు పరుగెత్తుతుంటే కేకలు వేయడమే తప్ప నేను పరుగెత్తింది లేదు. సెలవు రోజున ప్రొద్దుటూరు కారం దోశ, దాని మీద తీపి చాయ్. ఫలితంగా యాభై ఐదో ఏట మధుమేహం వచ్చింది. డాక్టరుగారు మందు చీటీ రాసి, దాని కింద “నడక” అని మరొక గీత గీసి రాశారు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. వినడానికి ఎంత తేలిక! నేను ఒంటరిగా పదకొండు రోజులు నడిచి మానేశాను. పన్నెండో రోజు వాన పడింది. పదమూడో రోజు వాన పడలేదు, కానీ నేను లేవలేదు.

ఆ తర్వాత జరిగింది నా ప్రయత్నం వల్ల కాదు. మా పేట దగ్గరి మైదానంలో రోజూ నడిచే ఎనిమిది, తొమ్మిది మంది ఉన్నారు. ఒకరు పత్తి విత్తనాల వ్యాపారి, ఇద్దరు బంగారు అంగళ్ళలో పని చేసేవారు, ఒకరు రిటైరైన లెక్కల మాష్టారు. మిగిలినవారివి తలా ఒక వృత్తి. నేను మానేసిన విషయం గమనించిన మాష్టారు ఒక రోజు మదరసా గేటు దగ్గర నిలిపి, “ఏం సామీ, కనపడ్డం లే? రేపు మేం నీకోసరం గేటుకాడే నిలబడి ఉంటాం” అని వెళ్ళిపోయారు. మరునాడు నిజంగానే నిలబడి ఉన్నారు. ఒకరు మన కోసం చలిలో నిలబడి ఉన్నారని తెలిసిన తర్వాత దుప్పటి కప్పుకొని పడుకోవడం చాలా కష్టం. రెండేళ్ళుగా నన్ను లేపుతున్నది నా సంకల్పం కాదు, ఆ కష్టమే.

మొదటి రోజుల్లో నేను చేసిన తప్పులు కూడా చెప్పాలి. పొడుగాటి జుబ్బా, తోలు చెప్పులతో వెళ్ళాను. మూడో చుట్టుకు మడమ ఒరుసుకొని రక్తం వచ్చింది. అందరికంటే వెనుక ఉండడం అవమానమనిపించి వేగం పెంచాను. నాలుగు రోజులు మోకాలు వాచింది. ఇప్పుడు మోకాళ్ళ దాకా వచ్చే వదులైన కుర్తా, పైజామా, మెత్తటి అడుగు ఉన్న బూట్లు. మొదటి పది నిమిషాలు మెల్లగా నడవాలని, పక్కవానితో మాట్లాడగలిగినంత వేగమే మన వేగమని, అంతకు మించి పోతే శరీరం మరునాడు లెక్క అడుగుతుందని మాష్టారే నేర్పారు. మధుమేహం ఉన్నవాడు జేబులో రెండు ఖర్జూరాలో, చక్కెర బిళ్ళలో ఉంచుకోవాలన్నది డాక్టరుగారు చెప్పిన జాగ్రత్త.

నమాజు వేళ ఒక చిక్కు. చలికాలంలో వారు ఐదు గంటలకే మొదలు పెడతారు. మన ఫజర్ జమాఅత్ అయ్యేసరికి ఆరు దగ్గర పడుతుంది. ఈ మాట చెప్పడానికి నేను వారం రోజులు మొహమాటపడ్డాను. చెప్పిన తర్వాత వారికి అది సమస్యే కాలేదు. వారు ముందు తమ నడక నడిచి, నేను వచ్చిన తర్వాత నాతో మరో నాలుగు చుట్లు తిరుగుతారు. “మాకు రెండు విడతలు, హజ్రత్‌కు ఒకే విడత, అందుకే పొట్ట తగ్గడం లే” అని పత్తి వ్యాపారి ఎగతాళి. వేసవిలో ఈ చిక్కు ఉండదు. ఫజర్ త్వరగా అవుతుంది, ఏడు లోపల ఇల్లు చేరకపోతే మన కడప ఎండ ఎవరినీ వదలదు.

మా మేనల్లుని సంకోచాలు నా సంకోచాల వంటివే. ఒకటి, వారందరూ ఖరీదైన గడియారాలు, బూట్లు ఉన్నవారు, తాను కూలిమనిషి. రెండు, ఇంగ్లీషు సరిగా రాదు. మూడు, స్త్రీలు కూడా ఉంటారు. నాలుగోది అతడు చెప్పలేదు గానీ నేను గ్రహించాను. అందరికంటే వెనుకబడితే నవ్వుతారేమో అన్న భయం.

మొదటి దానికి నేను చెప్పింది ఇది. నీవు పని చేసేది వారి గదుల్లో ఎ.సి.లు బాగు చేసే పని. నీ నిచ్చెన మీద నీవు రోజుకు ఎన్ని మెట్లు ఎక్కుతావో వారు ఎక్కలేరు. పరుగుకు కావలసినది ఒక్క మంచి జత బూట్లు. చొక్కా ఏదైనా ఫరవాలేదు. రెండో దానికి, పరుగులో ఎక్కువ భాషతో పని లేదు, ఊపిరి ఆడుతుంటే చాలు. మూడో దాని గురించి, సముద్రపు ఒడ్డున ఉన్న బాట అందరిదీ. చూపును అదుపులో ఉంచుకోవడం బజారులోనూ, బస్సులోనూ, ఆసుపత్రిలోనూ మనకు ఎలా విధియో అక్కడా అంతే. పురుషులతోనే నడిచే జట్టు దొరికితే దానిలో చేరు, దొరకకపోతే నీతో వచ్చే ఒక స్నేహితుణ్ణి చూసుకో.

నాలుగో దానికి జవాబుగా అతనికి ఇద్దరి సంగతి చెప్పాను. ఒకటి ఈ కాలపుది. 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో 13 మంది కలిసి 5 కి.మీ. పరుగెత్తారు. దాని నుంచే పార్క్‌రన్ అనే ఏర్పాటు పుట్టింది. ఇప్పుడది ఎన్నో దేశాల్లో వారం వారం జరుగుతున్నది. మరో ద్వీపమైన సింగపూరులో ఈస్ట్ కోస్ట్ పార్కు సముద్రపు ఒడ్డున కూడా జరుగుతుంది. రుసుము లేదు, బహుమతి లేదు, నడిచినా అభ్యంతరం లేదు. అన్నిటికంటే నాకు నచ్చినది ఒకటి ఉంది. అందరికంటే వెనుక నడవడానికి ఒక సేవకుణ్ణి ప్రత్యేకంగా నియమిస్తారు. చివరివాడు తాను చివరివాణ్ణి అని అనుకునే అవకాశం లేకుండా ఆ సేవకుడు అతని వెనుక నడుస్తాడు.

రెండోది మనకు తెలిసినదే. ప్రయాణంలో దైవప్రవక్త (సఅసం) గుంపుకు వెనుక భాగంలో ఉండేవారని, బలహీనులను ముందుకు నడిపించేవారని, నడవలేనివారిని తన వెనుక ఎక్కించుకునేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. ఆ జాబిర్ గారి ఒంటె ఒకసారి అలసి వెనుకబడిపోతే, వెనుక నుంచి వచ్చి ఆయనను పలకరించినది ప్రవక్తే (సఅసం). ఒంటెను అదిలించారు, అది చురుకుగా నడిచింది. దానిని బేరమాడి కొన్నారు. మదీనా చేరిన తర్వాత ధర చెల్లించి, ఒంటెను కూడా తిరిగి ఇచ్చేశారు. ఈ హదీసును నేను క్రయవిక్రయాల అధ్యాయంలో ఎన్నో సార్లు పాఠం చెప్పాను. వర్తకపు షరతుల గురించి గంటసేపు చర్చించాను. నాయకుడు వెనుక ఎందుకు ఉన్నాడన్న విషయం మీద ఒక్క నిమిషం ఆగలేదు. మైదానంలో మాష్టారు నా కోసం వేగం తగ్గించిన రోజునే అది స్ఫురించింది.

పరుగు మన సంప్రదాయానికి కొత్త కాదు. ప్రవక్త (సఅసం) హజ్రత్ ఆయిషా (రజి)తో పందెం పరుగెత్తడం, మొదటిసారి ఆమె గెలవడం, కొన్నేళ్ళ తర్వాత ఆయన గెలిచి, ఆనాటి దానికి ఇది బదులని అనడం అందరూ విన్నదే. సలమా బిన్ అక్వా (రజి) కాలినడకన గుర్రపు రౌతులనే వెంబడించిన వేగగామి. శిక్షణ పొందిన గుర్రాలకు ఐదారు మైళ్ళ పందెం, శిక్షణ లేనివాటికి ఒక్క మైలే పెట్టారని బుఖారీలో ఉంది. కొత్తగా చేరేవారు ఆ రెండో సంగతి గుర్తుంచుకోవాలి. శక్తిని బట్టే దూరం. మన దేశం సంగతికి వస్తే, గంటలు కట్టిన కర్ర పట్టుకొని పరుగెత్తే తపాలా బంట్రోతులను చూసి పధ్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ బతూతా ఆశ్చర్యపోయాడు. మైలుకు మూడు మజిలీలు. వారు గుర్రపు తపాలా కంటే వేగంగా వెళ్ళేవారని రాశాడు. ఒక్క చోట మాత్రం మనకు పరుగు వద్దన్నారు, జమాఅత్ అందుకోవడానికి. మా మదరసా పిల్లలు సరిగ్గా అక్కడే పరుగెత్తుతారు.

బహ్రెయిన్ గురించి కొంచెం. మన కడప జిల్లాలో పదో వంతు కూడా లేని ద్వీపసమూహం అది. 1986లో తెరిచిన 25 కి.మీ. వంతెన దానిని సౌదీతో కలుపుతుంది. ముహర్రఖ్ వైపు అరద్ కోట దగ్గర సముద్రపు పాయ చుట్టూ నడకబాట ఉంది. మా వాని గదికి అది దగ్గర. అక్కడ ఎండతో పాటు ఉక్క కూడా ఎక్కువ. చెమట ఆరదు, శరీరం చల్లబడదు. జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించడాన్ని అక్కడి ప్రభుత్వం 2007లోనే నిషేధించింది. 2025 నుంచి ఆ నిషేధాన్ని మూడు నెలలకు పెంచింది. కూలికే వద్దన్న వేళలో సరదాకు పరుగెత్తరాదు కదా. అందుకని వేసవిలో ఫజర్ ముగిసిన వెంటనే, లేదా ఇషా తర్వాత. దాహం వేసే వరకు ఆగకుండా నీరు తాగాలి. తల తిరిగినా, చలి పుట్టినా, ఛాతీలో బరువనిపించినా అక్కడికక్కడ ఆగి పక్కవానికి చెప్పాలి. గుంపులో ఉండడం వల్ల కలిగే అసలు లాభం ఇదే. ఒంటరిగా పడిపోయినవాణ్ణి చూసేవారెవరు? రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నవాడు చేరే ముందు డాక్టరును అడిగి తీరాలన్నాను. అతడు అడిగాడు. నడకతో మొదలు పెట్టమన్నారట.

సైకిలు విషయంలో మాత్రం తొందరపడవద్దన్నాను. ఆ రోడ్ల మీద వాహనాల వేగం వేరు. గుంపుగా, వెనుక ఎర్ర దీపంతో, తలకు హెల్మెట్‌తో తప్ప దిగరాదు. మన దగ్గర మాత్రం తక్కువ ప్రమాదమా? జమ్మలమడుగు కుర్రాళ్ళు కొందరు ఆదివారం తెల్లవారుజామున 15 కి.మీ. దూరంలోని గండికోటకు సైకిళ్ళ మీద వెళ్తారు. పెన్నా లోయ అంచున సూర్యోదయం చూసి, మీర్ జుమ్లా నాటి జామియా మసీదు ముందు కాసేపు కూర్చొని, తిరుగుదారిలో ఉగ్గాని, బజ్జీలు తిని వస్తారు. (బజ్జీల గురించి నేను ఏమీ అనను, అనే అర్హత లేదు.) వారు చెప్పే భయాలు రెండే, సిమెంటు లారీలు, కుక్కలు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌర ఫలకాల నీడతో 23 కి.మీ. సైకిలు బాట వేశారు. మన మూడు ఊళ్ళలో రోడ్డు అంచున రెండడుగుల మట్టి కూడా సైకిలుకు మిగలడం లేదు. ఒకప్పుడు ఇదే రోడ్డు మీద మన దూదేకుల పెద్దలు వెనుక విల్లు కట్టుకొని ఊరూరా సైకిలు తొక్కేవారు. వారిని ఎవరూ సైక్లిస్టులని అనలేదు. 200 కి.మీ.లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేసేవారిని నేడు పతకంతో గౌరవిస్తున్నారు, చేయవలసినదే. ఆ పెద్దల కాళ్ళకు కూడా కొంత గౌరవం దక్కి ఉంటే బాగుండేది.

ఇక స్త్రీల మాట. ఇది రాయకుండా తప్పించుకోవాలని చూశాను, మా ఇంటావిడ ఒప్పుకోలేదు. నాకు మధుమేహం వచ్చిన ఏడాదికే ఆమెకూ వచ్చింది. నాకు మైదానం, ఎనిమిది మంది స్నేహితులు. ఆమెకు మేడ మీద అటు పన్నెండు అడుగులు, ఇటు పన్నెండు అడుగులు. మా వీధిలోని నలుగురు స్త్రీలు ఫజర్ తర్వాత బుర్ఖాలతో కలిసి నడవాలనుకున్నప్పుడు మొదట అభ్యంతరం చెప్పినవాణ్ణి నేనే. లోకం ఏమనుకుంటుంది అన్నాను. “లోకానికి నా షుగరు రిపోర్టు చూపిస్తారా?” అని ఆమె అడిగింది. సమాధానం నా దగ్గర లేదు. ఇప్పుడు వారు ఏడుగురయ్యారు. ముందు ఒకరు, వెనుక ఒకరు టార్చిలైటు పట్టుకుంటారు. ఈ విషయంలో కూడా ఆ ద్వీపం నుంచే ఒక ఉదాహరణ ఉంది. బహ్రెయిన్‌కు చెందిన రుఖయ్యా అల్ ఘస్రా 2006 దోహా ఆసియా క్రీడల్లో తల నుంచి కాలి వరకు కప్పుకొనే 200 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచింది. వస్త్రం అడ్డమన్న మాట ఆమె విషయంలో నిలవలేదు. మా ఇంటావిడకు పతకం అక్కరలేదు. మూడు నెలల సగటు చక్కెర తగ్గింది, దాని కాగితాన్ని బీరువాకు అంటించింది.

ఒక్క విషయంలో మా మేనల్లుణ్ణి ముందుగానే హెచ్చరించాను. ఈ జట్లలో ఎంత దూరం, ఎంత వేగం అన్నది ఫోను లెక్క పెడుతుంది, దానిని పదిమందికీ చూపుతారు. కొంతకాలానికి నడక శరీరం కోసమా, అంకె కోసమా అన్నది మనిషికే తెలియకుండా పోతుంది. మా పత్తి వ్యాపారి ఒక రోజు ఫోను మరచి వచ్చి, లెక్కలోకి రాని నడక ఎందుకని చెట్టు కింద కూర్చున్నాడు! ప్రదర్శనా బుద్ధి నమాజులోకే దూరగలిగినప్పుడు పరుగులోకి దూరదా?

ఆ శుక్రవారం అతడు వెళ్ళాడు. మధ్యాహ్నం జుమా తర్వాత ఫోను చేశాడు. ఇరవై మందికి పైగా ఉన్నారట. ఫిలిప్పీన్స్, కేరళ, పాకిస్తాన్, స్థానిక అరబ్బులు. తాను 3 కి.మీ. మాత్రమే నడిచాడు, అది కూడా రెండుసార్లు ఆగి. అందరూ ముగించి నీళ్ళు తాగుతున్నారు, ఇతడు ఇంకా బాట మీదనే ఉన్నాడు. సిగ్గుతో పక్కకు తప్పుకొని వెళ్ళిపోదామనుకునేసరికి, కేరళకు చెందిన ఒక లారీ డ్రైవరు వెనక్కి తిరిగి వచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా పక్కన నడవసాగాడట. చివరి మలుపు దగ్గర మాత్రం, “రూములో ఎంత మంది?” అని హిందీలో అడిగాడట. ఐదుగురమని చెప్పి, ఆరో మంచం ఖాళీ అయిన సంగతి కూడా మా వాడు చెప్పాడు. మూడు నెలల్లో ఆ మాట బయటివారితో చెప్పడం అదే మొదటిసారి అన్నాడు. తర్వాత కొంతసేపు ఫోనులో మాట రాలేదు.

ఇప్పటికి ఏడు వారాలైంది. ఆగకుండా 5 కి.మీ. నడుస్తున్నాడు, మధ్య మధ్య కొంచెం పరుగు. గదిలోని మరో ఇద్దరు వస్తామన్నారట. అయితే ఆ ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకే జత బూట్లు, కాలి కొలత ఇద్దరిదీ 8. ఒక వారం ఒకడు, మరుసటి వారం మరొకడు అని వంతు వేసుకున్నారు. ఈ సంగతి విన్న మా ఆపా జమ్మలమడుగు బజారులో మరో జత కొని ఉంచింది. వచ్చే నెల సెలవు ముగించుకొని తిరిగి వెళ్ళే పక్కవీధి అబ్బాయి సంచిలో నిమ్మకాయ ఊరగాయతో పాటు అది కూడా వెళ్తుంది. ఊరగాయలో ఉప్పు తగ్గించమని మాత్రం నేను ఫోను చేసి చెప్పాను.